మొండి బిట్టు, మొదటి బొట్టు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ సంగతి మాదన్నపేట మార్కెట్టులో వంకాయలు అమ్మే ఆమె దగ్గర్నుంచి మా ఆవిడ ఆండాలు దాకా అందరికీ తెలుసు. నేను చేసే పనేమో కోపానికి అసలు పనికిరానిది. మార్కెట్టు వెనక గల్లీలో నాకు బోర్డుల దుకాణం ఉంది. డాక్టర్ల పేర్లు, వకీళ్ల పేర్లు, స్వీటు షాపుల పేర్లు యాక్రిలిక్ పలకల మీద తయారుచేసి ఇస్తాను. యాక్రిలిక్ అంటే చూడ్డానికి గాజులా ఉండే ప్లాస్టిక్కు. కోస్తే కోయించుకుంటుంది, వేడిచేసి వంచితే వంగుతుంది, అతికిస్తే అతుక్కుంటుంది. స్క్రూ కోసం బెజ్జం వేద్దామని డ్రిల్లు పెడితే మాత్రం టప్పున పగులుతుంది. అదీ మొదట్లో కాదు, మధ్యలో కాదు. పనంతా అయిపోయి, డ్రిల్లు బిట్టు అవతలి వైపుకి తొంగిచూసే ఆ ఒక్క క్షణంలో పగులుతుంది. అప్పుడు నేను అనే మాటలు ఇక్కడ రాయడం కుదరదు.

పదకొండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం సరిగ్గా ఆ మాటలే అంటున్నాను. పిల్లల డాక్టరు ఒకాయన బోర్డు మూడోసారి పగిలింది. తల ఎత్తి చూస్తే గుమ్మంలో నల్ల బురఖాలో ఒకావిడ నిలబడి ఉంది. చేతిలో కొత్తిమీర కట్ట, మొహంలో జాలి. ఆ జాలి నా మీద కాదు, పలక మీద.

"తిట్టుడు ఆపుండ్రి భాయ్. తిడితే అది ఇంటదా?" అంది.

"మీకేం గావాలె?" అన్నాను, మర్యాద ఏ మాత్రం లేకుండా.

"నాకేం వద్దు. పోతుంటే పలిగిన సప్పుడు ఇనబడ్డది. పోయిన వారం గూడ ఇనబడ్డది. ఎట్ల కొడుతున్నరో సూద్దామని ఆగిన."

ఆమే కుబ్రా. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద కాబట్టి ఆ తర్వాత కుబ్రా ఆపా, అంటే కుబ్రా అక్క అయింది. ఇరవై ఏళ్ల పాటు ఆమె ముత్యాలకు బెజ్జాలు వేసింది. పెసరగింజంత ముత్యాన్ని చెక్కలో బిగించి, పైనుంచి నీటిచుక్క పడుతుండగా, ఇటు సగం అటు సగం తొలిచేదట. ఒకే వైపు నుంచి తొలిస్తే బయటికొచ్చే చోట పెచ్చు లేస్తుంది. తర్వాత తర్వాత బయటి దేశాల నుంచి ముత్యాలు బెజ్జాలతో సహా పెట్టెల్లో దిగడం మొదలైంది. ఆమె పని చేసే కార్ఖానా మూతపడింది. అప్పటినుంచి ఆమె చేతులు ఖాళీగా ఉన్నాయి, చెవులు మాత్రం ఖాళీగా లేవు.

లోపలికి వచ్చి, నేను అప్పుడే కొన్న కొత్త బిట్టు అడిగింది. ఇచ్చాను. మూల ఉన్న సానరాయి మీద దాని మొనకు రెండు వైపులా ఉన్న పదునును నాలుగుసార్లు రుద్ది, మొండి చేసి పెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"కొత్త బిట్టు ఎవరన్న మొండి చేస్తరా?"

"గీ పదును ఇనుముకు భాయ్. ఇనుమును కొరికితే ఊకుంటది. ఇది ఊకోదు, పలుగుతది. దీన్ని గీకాలె, కొరకొద్దు."

పలక మీద అంటించి ఉన్న కాగితం నేను తీసేయబోతే చెయ్యి పట్టి ఆపింది. పలక కింద చదునైన చెక్క పెట్టి రెండింటినీ కలిపి గట్టిగా బిగించమంది. చెంచాడు సబ్బునీళ్లు అడిగింది. ముందు సన్న బిట్టుతో చిన్న బెజ్జం వేసింది. తర్వాత లావు బిట్టుతో ఇటు సగం, పలక తిప్పి అటు సగం. కొంచెం దించడం, పైకి లేపడం, ఒక చుక్క సబ్బునీళ్లు, మళ్లీ దించడం. బిట్టు చుట్టూ తెల్లటి పొట్టు సేమ్యాలా చుట్టలు చుట్టుకుంటూ బయటికొచ్చింది.

"సేమ్యా వస్తున్నంత సేపు ఫికర్ లేదు. పొడి వస్తే బిట్టు అరిగినట్టు. బంక వస్తే వేడెక్కినట్టు, ఆగాలె. స్క్రూ కన్న హోలు ఇంత పెద్దగుండాలె, ఎండకు పలక సాగుతది, దానికి జాగ గావాలె. అయిపోయినంక సబ్బునీళ్లతోనే తుడువుండ్రి. స్పిరిటు, థిన్నరు దగ్గరికి రానియ్యొద్దు. హోలు దగ్గర తగిలితే ఇగ అంతే."

బెజ్జం అంచు తడిమి చూశాను. గాజు గ్లాసు అంచులా నున్నగా ఉంది. మర్నాటి నుంచి కిటికీ పక్కన ఒక స్టూలు ఆమెదైపోయింది.

ఆమె బిట్లన్నీ అత్తగారి ఇత్తడి పాన్‌దాన్‌లో ఉండేవి. సున్నం, కాచు, వక్క ఉండాల్సిన గిన్నెల్లో ఒక దాంట్లో సన్నవి, ఒక దాంట్లో లావువి, ఇంకో దాంట్లో మధ్యరకం. డ్రిల్లు తిరుగుతున్నంత సేపు ఎవరూ మాట్లాడకూడదు. "సప్పుడు ఇననియ్" అనేది. గిరాకీ ఎంత పెద్దవాడైనా నోరు మూసుకుని నిలబడాల్సిందే. పదకొండేళ్లలో ఆమె చేతిలో ఒక్క పలక పగల్లేదు. లేజర్ మిషన్లు వచ్చి, తిన్నని బెజ్జాలన్నీ చిటికెలో వేసేస్తున్నా, అతికించేసిన డబ్బాలకూ మందపాటి దిమ్మలకూ జనం నా దుకాణం వెతుక్కుంటూ వచ్చేవారు. నేను బోర్డు మీద వేణు అని నా పేరు పెట్టుకున్నాను గానీ, వాళ్లు వచ్చేది ఆమె కోసం.

పోయినేడాది ఆమెకు కళ్లజోడు వచ్చింది. మధ్యాహ్నం మా ఇంటి నుంచి వచ్చే చాయ్ అందుకుంటే సాసరు మీద కప్పు గలగలలాడేది. "ఆపా, బ్యాండు మేళం మొదలైంది" అని నేను ఆటపట్టించేవాణ్ని. ఆమె నవ్వేది గానీ, కప్పును తొందరగా కింద పెట్టేసేది. అది నేను అప్పుడు పట్టించుకోలేదు.

అప్పుడే బార్కస్ బస్తీ నుంచి ఫర్హాన్ వచ్చాడు. వాళ్లది తాతల నాటి అత్తరు దుకాణం. తండ్రి పోయి రెండేళ్లయింది. దుకాణాన్ని కొత్తగా చేయిస్తున్నాడు. నల్లబడిపోయిన పాత టేకు స్టాండు తీసేసి, తళతళలాడే యాక్రిలిక్ స్టాండు పెట్టాలని అతని ముచ్చట. మూడు పలకలు, మెట్లలాగా. ఒక్కో పలకకు ముప్పై రెండు బెజ్జాలు, ఒక్కో బెజ్జంలో ఒక అత్తరు సీసా.

"హోల్స్ సీదా వద్దు భాయ్. సీసాలు గిరాకీ దిక్కు జర వంగి ఉండాలె, సలాం చేస్తున్నట్టు" అన్నాడు.

అదే చిక్కు. వాలుగా బెజ్జం వేయడం మా ఊరి లేజర్ల వల్ల కాదు. డ్రిల్లుతో వేద్దామన్నా వాలు మీద బిట్టు జారుతుంది. కుబ్రా ఆపా వారం ఆలోచించి, ఒక చెక్కను వాలుగా కోయించి, పలకను దాని మీద పడుకోబెట్టింది. అప్పుడు పలక వంగింది, బిట్టు తిన్నగానే దిగింది. గంటకు రెండు బెజ్జాలు, మధ్యమధ్యలో పలకకు విశ్రాంతి. రెండు పలకలు అలా అయ్యాయి. మూడోదానికి వచ్చేసరికి ఫర్హాన్ ప్రారంభం ఒక రోజు ముందుకు జరిపాడు. నేను ఆమె నెత్తిన కూర్చున్నాను. "జల్దీ ఆపా, జల్దీ" అని రోజంతా చెవిలో జోరీగలా పోరాను. ఆమె విశ్రాంతులు మానేసి సాయంత్రానికల్లా ముగించింది. తొంభై ఆరు బెజ్జాలు, ఒక్క పగులు లేదు.

పన్నెండు రోజుల తర్వాత ఫర్హాన్ మూడో పలక పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టాడు. ప్రతి బెజ్జం చుట్టూ వెంట్రుకల్లాంటి పగుళ్లు. ముప్పై రెండింటికీ. పై రెండు పలకలు బాగానే ఉన్నాయట, ఇదొక్కటే.

నేను ఆలోచించలేదు. ఆలోచన నాకు కోపం తర్వాత వస్తుంది.

"ఆపా, నీ చెయ్యి వణుకుతున్నది. రోజూ సాసరు లొల్లి ఇంటనే ఉన్న. చేతగాకుంటే చెప్పొచ్చు గదా. నీ చెయ్యి పోయింది" అన్నాను, గిరాకీ ఎదురుగా.

ఆమె పలకను చూసింది. తర్వాత తన అరచెయ్యి తిప్పి చూసుకుంది.

"కావచ్చు భాయ్" అంది. "ముత్యాల కార్ఖానాల మా ఉస్తాద్ గూడ, చెయ్యి పోయిన రోజే పని ఇడిచి పోయిండు. పోయిన చేతితోని పని పాడు చెయ్యొద్దు."

పాన్‌దాన్ మూత పెట్టి, చంకలో పెట్టుకుని, ఎండలోకి నడిచి వెళ్లిపోయింది. ఫర్హాన్ నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఆ రోజు ఆండాలు నాకు అన్నం వడ్డించింది గానీ మాట వడ్డించలేదు. మూడో రోజు నోరు విప్పింది. అది మౌనం కంటే ఘోరంగా ఉంది.

"పదకొండేండ్లల్ల ఒక్క పలక పలిగితే ఆమె చెయ్యి పోయిందంటవా? నెలకొకటి పలగ్గొట్టినప్పుడు నీదేం పోయింది?"

నేనే వేస్తానని ఆ వాలు చెక్క మీద కొత్త పలక పెట్టాను. రెండో బెజ్జానికే టప్పుమంది. ఇంకో పలక పెట్టాను. అది మొదటి బెజ్జానికే పోయింది. ఆండాలు దుకాణం గుమ్మంలోంచి చూసి, "బార్కస్ పోయి సూసిరా. ఆడ ఏం జేస్తున్నరో, స్క్రూ గట్టిగ బిగించిండ్రేమో" అంది. ఆ మాట నాకే తోచాల్సింది.

మర్నాడు పొద్దున్నే ఫర్హాన్ దుకాణం తెరిచే వేళకు వెళ్లి కూర్చున్నాను. స్క్రూలు వదులుగానే ఉన్నాయి. ఎండ తగలడం లేదు. మూడో వరుస సీసాలు ఒక తువ్వాలు మీద పేర్చి ఉన్నాయి. ఫర్హాన్ ఊదు వెలిగించి, బిస్మిల్లా అని, మొదటి సీసా మూత తీశాడు. గాజు పుల్లతో ఒక బొట్టు తీసి, ఆ సీసా కూర్చునే బెజ్జం అంచుకు రాశాడు. తర్వాత రెండో సీసా, రెండో బెజ్జం. అలా వరుసగా పోతున్నాడు.

"ఇదేంది భాయ్?" అన్నాను.

"మా అబ్బా అలవాటు. దినాం మొదటి బొట్టు దుకాణానిది, తర్వాతనే గిరాకీది. నలభై ఏండ్లు పాత స్టాండుకు గట్లనే పెట్టిండు. కట్టె మొత్తం తాగేది. ఇప్పటికీ గోడౌన్ల ఉన్నది, దగ్గరికి పోతే మస్తు ఖుష్బూ."

"ఈ తువ్వాల మీదియి గూడ అత్తర్లేనా?"

"కాదు. పైన రెండు లైన్లు అసలు అత్తర్లు, నూనెవి. ఇవి స్పిరిట్ సెంట్లు, వీటి బొట్టు గూడ దినాం గట్లనే పెట్టిన. కాలేజీ పోరగాళ్లు ఇవే అడుగుతరు."

నేను నాలుక కరుచుకున్నాను. స్పిరిటు దగ్గరికి రానివ్వొద్దని ఆపా మొదటి రోజే చెప్పింది. పదకొండేళ్లుగా వందసార్లు చెప్పింది. అత్తరు దుకాణం కోసం స్టాండు చేస్తూ ఆ ముక్క ఫర్హాన్‌కు చెప్పాల్సింది నేను. కట్టెకు పెట్టిన బొట్టే కొడుకు యాక్రిలిక్‌కు పెట్టాడు, అతనిదేం తప్పు? నాకు సిగ్గేసింది. అతనికి సంగతి చెప్పి, ఒక స్పిరిట్ సెంటు సీసా అడిగి తీసుకుని, మా దుకాణంలో ఆగి ఒక పాత పలక ముక్క ఏరుకుని, ఆపా ఇంటికి వెళ్లాను.

ఆమె వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. పాన్‌దాన్ బీరువా పైకెక్కింది. నేను, ఆమె అప్పుడెప్పుడో బెజ్జం వేసి పారేసిన ఆ ముక్కలో బెజ్జం అంచుకు ఒక బొట్టు, ఖాళీ చోట ఒక బొట్టు వేశాను. కాసేపటికి బెజ్జం చుట్టూ వెంట్రుకలు మొలిచాయి. జరిగిందంతా చెప్పాను.

"తప్పు నాది ఆపా. మాఫ్ చెయ్యి."

ఆమె కళ్లజోడు పెట్టుకుంది. నన్ను కాదు, ముక్కను చూసింది.

"హోలు లేని జాగల ఏం కాలేదు" అంది నెమ్మదిగా. "అంటే హోలు చుట్టు బిగువున్నది. ఆ దినం నేను తొందరపడ్డ. ఆ వేడి లోపల్నే ఉండిపోయి ఇంకింత బిగిసింది."

"తొందర పెట్టింది నేను గదా."

"అవు, నువ్వే" అంది, ఏ మొహమాటం లేకుండా. తర్వాత చిక్కుడుకాయల వైపు తిరిగింది. "స్పిరిటు సంగతి సరే. నా చెయ్యి వణుకుడు అబద్ధం కాదు గదా. నువ్వే అంటివి. హోలు నువ్వు కొట్టు, నేను పక్కన కూసోని చెప్త."

సరేనన్నాను. దుకాణానికి వచ్చి కూర్చుంది, ఖాళీ చేతులతో. నేను కొత్త పలక మీద మొదలుపెట్టాను. మొదటి బెజ్జం ఎలాగో అయింది. రెండోదానికి ఆమె స్టూలు మీద అటూ ఇటూ కదిలింది. మూడోదానికి టప్పుమంది. కుబ్రా ఆపా నుదురు కొట్టుకుంది.

"జరుగు" అంది. "నువ్వు కొడుతుంటే నాకు పానం పోతున్నది. పోయి పాన్‌దాన్ పట్టుకరా."

పరుగెత్తాను. ఈ వయసులో అంత పరుగు మళ్లీ ఎప్పుడూ పెట్టలేదు.

ఈసారి గంటకు రెండే. నేను నోటికి తాళం వేసుకున్నాను. ఒకసారి తుమ్ము వస్తే గల్లీలోకి పోయి తుమ్మి వచ్చాను. మూడు రోజులకు ముప్పై రెండు అయ్యాయి. కానీ బిగువు సంగతి ఆమెను వదల్లేదు. గాజుల భట్టీల్లో గాజుల్ని ఒక్కసారిగా చల్లార్చరని, వేడి గదిలోనే మెల్లగా చల్లారనిస్తారని, లేకపోతే పగుల్తాయని చిన్నప్పుడు చూసిందట. దీనికీ అలాగే చేస్తే? మెల్లగా కాచి, మెల్లగా చల్లారిస్తే?

భట్టీ ఉన్నవాడు ఆమె తమ్ముడు దస్తగీర్. రెండు గల్లీల అవతల అతని బిస్కెట్ల బేకరీ. శుక్రవారం పొద్దుటి బిస్కెట్లు తీసేశాక భట్టీ ఊరికే చల్లారుతూ ఉంటుంది. ముందు ఒక ముక్క పెట్టి చూశాం. తీసేసరికి అప్పడంలా వంగి, ట్రేకి అంటుకుపోయింది.

"ఆపా, బిస్కెట్ అయితే రంగు సూసి తీస్త. దీనికి రంగే లేదు, ఏం సూసి తియ్యాలె?" అన్నాడు దస్తగీర్.

ఆమె భట్టీలోకి చెయ్యి పెట్టి తీసింది. కాసేపాగి మళ్లీ పెట్టింది. పది అంకెలు లెక్కపెట్టేదాకా చెయ్యి ఓర్చుకున్నప్పుడు, "ఇప్పుడు పెట్టు" అంది. రెండో ముక్క వంగలేదు. సాయంత్రపు అసర్ నమాజు వేళ దాకా భట్టీతో పాటే చల్లారనిచ్చి తీశాం. బెజ్జం అంచుకు స్పిరిట్ సెంటు వేసి ముగ్గురం తలలు దగ్గరపెట్టి చూశాం. ఏమీ కాలేదు. ఇంకో బొట్టు వేశాం. ఏమీ కాలేదు. దస్తగీర్ ఆ సంతోషంలో అందరికీ బిస్కెట్లు పెట్టాడు.

మరుసటి శుక్రవారం ముప్పై రెండు బెజ్జాల పలక భట్టీలోకి వెళ్లి, చెక్కుచెదరకుండా బయటికొచ్చింది. వాసన మాత్రం బిస్కెట్లది. రెండు రోజులు ఎండలో పెట్టకుండా గాలికి ఆరేసినా పోలేదు.

అయినా ఆపా దాన్ని నమ్ముకోలేదు. "ఒకసారి ఆగింది, దినాం పెడితే ఆగుతదా? బొట్టుకు వేరే జాగ చూపియ్యాలె" అంది. గోడౌన్‌లోంచి ఫర్హాన్ తండ్రి నాటి స్టాండు తెప్పించి, దాంట్లోంచి బెత్తెడు వెడల్పు పట్టీ ఒకటి కోయించి, కొత్త పలక ముందు భాగాన రెండు స్క్రూలతో బిగించింది. దుకాణానికి ఇవ్వాల్సిన బొట్లన్నీ ఇక ఆ పాత కట్టె తాగుతుంది.

ఆ పలకను స్టాండుకు బిగించడానికి నేనూ ఆండాలూ ఆపాతో కలిసి బార్కస్ వెళ్లాం. సీసాలన్నీ వాటి చోట్లలో కూర్చున్నాయి. తొంభై ఆరూ ముందుకు వంగి సలాం చేస్తున్నాయి. ఫర్హాన్ దగ్గరికొచ్చి వాసన చూశాడు.

"భాయ్, ఊదు ముంగట నిలబడితే చాయ్ యాదికొస్తున్నది" అన్నాడు. ఆండాలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

తర్వాత అతను బిస్మిల్లా అని మొదటి సీసా మూత తీశాడు. అది గంధం నూనె అత్తరు, తండ్రి చేతిది. గాజు పుల్ల ముంచి, కట్టె పట్టీ దాకా తెచ్చి, ఆగాడు. కుబ్రా ఆపా వైపు తిరిగాడు.

"ఇయ్యాల మొదటి బొట్టు దుకాణానిది కాదు. ఆపా, చెయ్యి చాపుండ్రి."

ఆమె తటపటాయించింది. కుడిచెయ్యిని బురఖా కింద ఇంకా లోపలికి దాచుకుంది. నాకు తెలుసు ఎందుకో. అందరి ముందూ అది వణుకుతుందని భయం. ఆ భయం పెట్టింది నేను. నేను తల వంచుకున్నాను.

చివరికి చాపింది. ఫర్హాన్ పుల్ల తగలకుండా పైనుంచే బొట్టు వదిలాడు. మిరియపు గింజంత నూనెబొట్టు, ఆమె చేతి వెనక భాగాన, నరాల మధ్య పడింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చూస్తూ నిలబడింది. నేనూ తల ఎత్తి చూశాను. ఆండాలు చూసింది. దుకాణంలో ఎవరూ మాట్లాడలేదు, డ్రిల్లు తిరుగుతున్నప్పుడు లాగే.

బొట్టు కదల్లేదు. పడ్డచోటే గుండ్రంగా, దీపం వెలుగు పట్టుకుని నిలబడింది.

"సాసర్లు మా ఇంటియే వంకర" అంది ఆండాలు మెల్లగా.

కుబ్రా ఆపా ఆ మాటకు నవ్వలేదు. ఇంకాసేపు చూసుకుంది. తర్వాత ఎడమచేత్తో బొట్టును నెమ్మదిగా రుద్దుకుని, ఆ చెయ్యి మొహం దగ్గర పెట్టుకుని, కళ్లు తుడుచుకుంది.

"పా వేణు భాయ్" అంది. "పని ఉన్నది."